మొగలి నూనె, ఋషికుల్య నీళ్లు: గంజాంలో కెమిస్ట్రీ ప్రొఫెసర్ పని

వెయ్యి మొగలి పువ్వులు బట్టీలో పోస్తే దక్కే రూహ్ (మరే నూనే కలపని అసలు మొగలి నూనె) ఒక ఔన్సు, అంటే 30 గ్రాములకు కాస్త అటూ ఇటూ. ఆ వాసనలో పెద్ద వాటా ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థానిది. అదే పదార్థం ఫ్యాక్టరీలో తయారై, డ్రమ్ముల్లో, కిలోల లెక్కన ఏడాది పొడవునా దొరుకుతుంది. పువ్వుకు మాత్రం వానాకాలం రావాలి, తెల్లారకముందే కోయాలి, ముళ్లు గీరుకోవాలి. ఎవరైనా ఒక చిన్న సీసా తెచ్చి ఇది పువ్వుదా, డ్రమ్ముదా అని అడిగితే ముక్కు సరైన జవాబు చెప్పలేదు. చెప్పగలిగింది కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్. అదీ సులువుగా కాదు.

ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల విశ్వవిద్యాలయాల్లో కెమిస్ట్రీ ప్రొఫెసర్ పని ఎలా సాగుతుందో తెలుసుకోవడానికి ఈ సీసా మంచి దారి. అక్కడి నేల అడిగే ప్రశ్నలు కష్టమైనవి, నిదానమైనవి. ప్రమోషన్ లెక్క అడిగేవి వేరు. ఒక ప్రొఫెసర్ ముప్పై ఏళ్ల ఉద్యోగం ఎక్కువగా ఈ రెంటి మధ్య బేరంతోనే గడుస్తుంది.

దేశంలో తయారయ్యే మొగలి నూనెలో అత్యధిక భాగం ఒడిశాలోని గంజాం జిల్లాదే. ఛత్రపురం, రంగైలుండ, చికిటి బ్లాకుల్లో చేల గట్ల మీదా ఇసుక నేలల్లోనూ మొగలి పొదలు బారులు తీరి ఉంటాయి. ఒడియాలో ఇది కియా. ఇచ్ఛాపురం దాటితే తెలుగులో మొగలి. శివపూజకు పనికిరాదని పేరుపడినా, జడలోకీ మిఠాయిలోకీ పాన్ మసాలాలోకీ ఎక్కింది. మొగలిలో ఆడ చెట్టు, మగ చెట్టు వేరు. వాసన మగ పువ్వుకే. పచ్చ తెలుపు రేకుల మధ్య కంకిలా కనిపించే భాగంలోనూ దాన్ని చుట్టిన రేకుల్లోనూ నూనె ఉంటుంది. కోసిన పువ్వు మధ్యాహ్నం దాకా ఎండలో పడి ఉంటే వాసన ఎగిరిపోతుంది. బట్టీలు ఊళ్ల దగ్గరే పుట్టింది అందుకే.

బట్టీ పనిముట్లు తక్కువే. పువ్వు ఉడికే రాగి పాత్ర డేగ్. ఆవిరి చల్లబడే రాగి కుండ భాప్కా. రెంటినీ కలిపేది కొబ్బరి తాడు చుట్టిన వెదురు గొట్టం. డేగ్‌లో పువ్వులు, నీళ్లు పోసి మూత పెట్టి, సందుల్లో గుడ్డా బంకమట్టీ మెత్తుతారు. కింద కట్టెల మంట. భాప్కా నీళ్ల తొట్టిలో మునిగి ఉంటుంది. అత్తరు కావాలంటే భాప్కాలో ముందే గంధపు నూనె పోస్తారు, ఆవిరిలోని పరిమళాన్ని అది పట్టుకుంటుంది. ఖరీదు తగ్గించాలనుకున్నవాళ్లు గంధపు నూనెకు బదులు లిక్విడ్ పారఫిన్ పోస్తారు. రూహ్ కావాలంటే అడుగున ఏమీ పోయకుండా, వచ్చిన నీటి మీద తేలిన నూనెను వేరు చేస్తారు.

పొరపాట్లన్నీ ఈ నాలుగైదు గంటల్లోనే జరుగుతాయి. మంట ఎక్కువైతే నురగ పొంగి పువ్వు రసం గొట్టంలోకి ఎక్కుతుంది, నూనెకు ఉడికిన ఆకు వాసన పడుతుంది. నీళ్లు తక్కువ పోస్తే అడుగున పువ్వు మాడి, ఆ కంపు ఎన్ని సార్లు మళ్లీ బట్టీ పట్టినా పోదు. తొట్టిలో నీళ్లు వేడెక్కినా మార్చకపోతే సగం పరిమళం సందుల్లోంచి గాలిలో కలుస్తుంది. బట్టీ చుట్టూ వీధంతా ఘుమఘుమలాడుతోందంటే నష్టం అక్కడే జరుగుతోందని అర్థం. డేగ్ లోపల కళాయి పోయిందంటే రాగి బయటపడుతుంది. కాస్త పుల్లని ఆవిరి నీటికి రాగి తగిలి పచ్చ జీర కమ్ముతుంది. ఆ నీళ్లే మొగలి నీళ్లుగా మిఠాయి దుకాణానికి వెళ్తాయి కాబట్టి కళాయి సంగతి చిన్న విషయం కాదు. పైన తేలిన నూనె తీసేశాక కూడా ఆ నీటిలో కొంత నూనె కరిగే ఉంటుంది. దాన్ని పారబోయకుండా తర్వాతి పువ్వు మీద పోస్తే దిగుబడి పెరుగుతుంది. పాత బట్టీదారులకు ఇది తెలిసిన సంగతే, ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లే తరచూ మరిచిపోతారు.

ల్యాబ్‌లో ఈ పనికి గాజుతో చేసిన చిన్న బట్టీ లాంటి క్లెవెంజర్ ఉపకరణం వాడతారు. రెండు లీటర్ల ఫ్లాస్కులో 300 గ్రాముల తాజా కంకి ముక్కలు, లీటరు నీళ్లు, మూడు నాలుగు గంటల మరుగు. చిక్కు వేరు చేసేచోట వస్తుంది. మొగలి నూనె సాంద్రత సుమారు 0.95, నీటి కంటే ఐదు శాతమే తేలిక. అందుకే పొర స్పష్టంగా విడదు, గొట్టంలో పాలలా తెల్లగా నిలుస్తుంది. నీటిలో ఉప్పు కరిగించి, 20 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు హెక్సేన్‌తో తీసి, తేమ లేని సోడియం సల్ఫేటు మీద ఆరబెట్టడం సరైన పద్ధతి. ఆ హెక్సేన్‌ను ఎగరగొట్టేటప్పుడు తొందరపడకూడదు. వాక్యూమ్ గట్టిగా లాగితే పారా సైమీన్, గామా టెర్పినీన్ లాంటి తేలిక పదార్థాలూ దానితోపాటే పోతాయి. అప్పుడు మిగిలిన నూనెలో పదార్థాల శాతాలు తారుమారవుతాయి, కల్తీ లేని నూనె కల్తీదానిలా తేలుతుంది.

తర్వాత గ్యాస్ క్రొమటోగ్రఫీ (నూనెలోని పదార్థాలను సన్న గొట్టంలో ఒకదాని తర్వాత ఒకటిగా విడదీయడం), మాస్ స్పెక్ట్రోమెట్రీ (విడిన అణువుల, వాటి ముక్కల బరువు చూసి గుర్తించడం). 30 మీటర్ల సన్న కాలమ్, 60 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి నిమిషానికి 3 డిగ్రీల చొప్పున 240 దాకా వేడి పెంచడం, వందో వంతు పలచన చేసిన నూనె ఒక మైక్రోలీటరు. ఇంజెక్షన్‌కు ముందు మాస్ 18 (నీరు), 28 (నైట్రోజన్), 32 (ఆక్సిజన్) దగ్గర నేపథ్యం చూడాలి. 28, 32 రెండూ గాలిలో ఉన్న నిష్పత్తిలోనే లేచి ఉంటే నూనె ఆవిరిని మోసుకెళ్లే హీలియం గొట్టం ఎక్కడో లీకవుతోంది. 207, 281 దగ్గర శిఖరాలు వరుసగా వస్తుంటే సెప్టమ్ (సూది దిగే రబ్బరు బిళ్ల) అరిగింది లేదా కాలమ్ పాడవుతోంది, అది నూనెలోని పదార్థం కాదు. ఇవి పట్టించుకోకుండా అచ్చయిన పట్టికల్లో మొగలి పువ్వులో సిలోక్సేన్లు (ఆ సెప్టమ్, కాలమ్‌ల నుంచి ఊడే సిలికాన్ పదార్థాలు) ఉన్నాయని రాసి ఉంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

కంప్యూటర్ లైబ్రరీ 95 శాతం పోలిక చూపించింది కాబట్టి అదే పదార్థం అనుకోవడం ఇంకో పొరపాటు. టెర్పీన్ల మాస్ స్పెక్ట్రాలు ఒకదాన్నొకటి అచ్చుగుద్దినట్టు ఉంటాయి. 8 నుంచి 20 కార్బన్ల సరళ ఆల్కేన్ల మిశ్రమాన్ని అదే ప్రోగ్రాంలో నడిపి, ప్రతి శిఖరానికీ రిటెన్షన్ ఇండెక్స్ (ఆ ఆల్కేన్లతో పోలిస్తే ఎప్పుడు బయటికొచ్చిందో చెప్పే అంకె) లెక్కగట్టాలి. మామూలు నాన్-పోలార్ కాలమ్ మీద టెర్పినెన్-4-ఆల్ 1177 దరిదాపుల్లో రావాలి. ఇండెక్స్ కుదరనిదే పేరు రాయకూడదు. ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్‌కు 136 దగ్గర అణు అయాను, 91, 45 దగ్గర బలమైన శకలాలు కనిపిస్తాయి. అయస్కాంతంలో పెట్టి అణువు నిర్మాణం చదివే ఎన్ఎంఆర్‌లో 3.35 దగ్గర మిథాక్సీ సింగ్లెట్ (మిథాక్సీ గుంపు ఇచ్చే ఒంటరి శిఖరం) దాన్ని ఖాయం చేస్తుంది. అయితే నమూనా కరిగించే క్లోరోఫాం-డి పాతబడితే అందులో ఆమ్లం పుడుతుంది, టెర్పీన్లు అందులో రాత్రికి రాత్రే రూపం మార్చుకుంటాయి. ట్యూబ్ నింపిన రోజే స్పెక్ట్రం తీయించాలి.

కల్తీ పట్టుకోవడంలో మెట్లున్నాయి. లిక్విడ్ పారఫిన్ కలిపితే 80 శాతం ఆల్కహాల్‌లో కరగక మసకగా తేలుతుంది, దానికి యంత్రం కూడా అక్కర్లేదు. వాసన లేని ద్రవమైన డైఇథైల్ థాలేట్ కలిపితే మాస్ 149 దగ్గర దొరికిపోతుంది. డ్రమ్ము ఈథర్ మాత్రమే పోస్తే, అసలు నూనెలో ఉండే టెర్పినెన్-4-ఆల్, ఆల్ఫా టెర్పినియోల్ లాంటి తోడు పదార్థాలు కనిపించవు. తెలివిమీరినవాడు టీ ట్రీ నూనె నుంచి తీసిన టెర్పినెన్-4-ఆల్ కూడా కలుపుతాడు. అప్పుడు సైక్లోడెక్స్‌ట్రిన్ పూత ఉన్న కైరల్ కాలమ్ మీద, అద్దంలో ప్రతిబింబాల్లా ఉండే ఒకే అణువు కుడి ఎడమ రూపాల నిష్పత్తి చూసి, నమ్మకమైన నూనెతో పోల్చాలి. ఆఖరి మెట్టు కార్బన్-14, అంటే గాలి నుంచి మొక్కలోకి చేరి కాలంతో తరిగిపోయే రేడియోధార్మిక కార్బన్. పెట్రోలియం నుంచి వచ్చిన ఈథర్‌లో అది ఉండదు, ఈ ఏడాది పువ్వులో ఉంటుంది. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఆ కొలత చేసే సౌకర్యం ఉంది. కానీ ఒక బట్టీదారు ప్రశ్న కోసం అంతదూరం వెళ్లడం అరుదు.

ఇందులో అసలు కీలకం నమ్మకమైన నూనె. పోల్చడానికి అది లేకపోతే పై మెట్లన్నీ గాలిలో కట్టినవే. ఏ ఊరి పువ్వు, ఏ నెల, కోసిన ఎన్ని గంటలకు బట్టీ పట్టారు అన్న వివరాలతో, ప్రొఫెసర్ లేదా విద్యార్థి కళ్లెదుటే తీసిన నూనెలు కనీసం నాలుగైదు సీజన్లవి ఉండాలి. ఒక పీహెచ్‌డీ గడువులో ఇది పూర్తి కాదు. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. అందులో మొగలి సీజన్లు మూడో నాలుగో చేతికొస్తాయి. అక్టోబర్‌లో తుపాను వస్తే ఒకటి పోయినట్టే. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర. రెండూ వానాకాలం పువ్వు ఆఖరి రోజుల్లోనే.

ఇలా ఊరి మొక్క మీద జీవితకాలం పనిచేయడం ఈ తీరానికి కొత్త కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోది. పై చదువు అంటే చూపు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న వాల్తేరు వైపే పోయేది. అక్కడ టి.ఆర్. శేషాద్రి 1933లో చేరి, కెమిస్ట్రీ విభాగాన్ని దాదాపు సున్నా నుంచి కట్టారు. మాంచెస్టర్‌లో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర నేర్చుకున్న సేంద్రియ రసాయన శాస్త్రాన్ని తెచ్చి, పత్తి పువ్వుల లాంటి చేతికందే మొక్కల రంగు పదార్థాల మీద ప్రయోగించారు. రెండో ప్రపంచ యుద్ధంలో వాల్తేరు క్యాంపస్ ఖాళీ చేసి విశ్వవిద్యాలయం గుంటూరుకు మారాల్సి వచ్చింది. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. అంతటి పనికి ముడిసరుకు పెరటి పువ్వే. అప్పట్లో ఖరీదైన యంత్రాలు లేవు, కాబట్టి పేద విభాగానికీ గొప్ప విభాగానికీ దూరం తక్కువ. ఇప్పుడు ఆ దూరం పెరిగింది.

1967లో పెట్టిన బరంపురం విశ్వవిద్యాలయం, దాని భంజ బిహార్ క్యాంపస్ ఈ దూరాన్ని బాగా ఎరిగినవి. ఎన్ఎంఆర్ యంత్రం ఉన్న చోటికి నమూనా పంపి జవాబు కోసం ఎదురుచూడటం సరిహద్దు జిల్లాల్లో మామూలు. 2016లో బరంపురంలోనే ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) రావడంతో దారి కొంత దగ్గరైంది. అయినా యంత్రం ఉండటం వేరు, అది నడవడం వేరు. ఎన్ఎంఆర్ అయస్కాంతానికి వారం వారం ద్రవ నైట్రోజన్, కొన్ని నెలలకోసారి ద్రవ హీలియం పోయాలి. కరెంటు పోతే అయస్కాంతం ఆగదు కానీ, తుపాను తర్వాత రోడ్లు మూసుకుపోయి నైట్రోజన్ రాకపోతే హీలియం వేగంగా ఆవిరైపోతుంది. యంత్రం కొనడానికి గ్రాంటు దొరుకుతుంది, ఏటేటా దాన్ని సాకడానికి దొరకడం కష్టం. ప్రాజెక్టు ప్రతిపాదనలో మెయింటెనెన్స్ ఒప్పందం ఖర్చు మొదటి రోజే రాయని ప్రొఫెసర్ మూడో ఏడు తలపట్టుకుంటాడు.

మొగలి పని ఒక ఎత్తు, ఋషికుల్య పని ఇంకో ఎత్తు. నది ముఖద్వారం దగ్గర గంజాం పట్టణంలో దశాబ్దాల క్రితం పాదరసం సెల్ పద్ధతిలో కాస్టిక్ సోడా తయారీ మొదలైంది. అక్కడి నీరు, బురద, చేపల్లో పాదరసం కొలవడం ఈ ప్రాంత పరిశోధకులకు పాత పని. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టే తీరమూ అదే. కొలత కనబడినంత సులువు కాదు. నమూనా ప్లాస్టిక్ సీసాలో పడితే పాదరసం గోడలోంచి పోతుంది, గోడకూ అంటుకుంటుంది. బోరోసిలికేట్ గాజు సీసాను 10 శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి కడిగి, నీరు పట్టిన చోటే ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే కిందకు తేవాలి. ల్యాబ్‌కు చేరాక కలుపుదామనుకుంటే సగం ఫలితం దారిలోనే పోతుంది.

అసలు తిరకాసు ఉప్పు నీటిది. పాదరసాన్ని పర్మాంగనేటుతో ఆక్సీకరణం చేసి, స్టానస్ క్లోరైడ్‌తో లోహంగా మార్చి, దాని ఆవిరి 253.7 నానోమీటర్ల కాంతిని ఎంత మింగిందో చూస్తారు. ముఖద్వారం నీటిలోని క్లోరైడ్ ఆక్సీకరణంలో క్లోరిన్ అవుతుంది. క్లోరిన్ కూడా అదే తరంగదైర్ఘ్యాన్ని మింగుతుంది. అంటే పాదరసం లేకపోయినా మీటరు కదులుతుంది. పర్మాంగనేటు అదనంగా పోసి, తర్వాత హైడ్రాక్సిలమీన్‌తో దాన్నీ క్లోరిన్‌నూ తీసేసి, పాత్ర పైభాగపు గాలిని ఊది తరిమాకే స్టానస్ క్లోరైడ్ కలపాలి. నదీ జలానికి సరిపోయిన పద్ధతినే కడలి పోటు నీటికి వాడేసిన అంకెలు అతిగా భయపెడతాయి. బురదను ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి ఆ తర్వాత కొలిచిన అంకెలు అతిగా ఊరడిస్తాయి, ఎందుకంటే పాదరసం కొంత ఓవెన్‌లోనే ఆవిరైపోతుంది. రెండు రకాలూ నష్టమే. తాగునీటికి భారతీయ ప్రమాణం లీటరుకు 0.001 మిల్లీగ్రాము. ఆ స్థాయి దగ్గర బ్లాంక్ విలువ (నమూనా లేకుండా కొలిస్తే వచ్చే అంకె), తెలిసిన మోతాదు కలిపి చూసే రికవరీ పరీక్ష, పాదరసం ఎంతో ముందే ధ్రువీకరించిన బురద నమూనా లేని అంకెకు విలువ లేదు.

పోటా పాటా అన్నది కూడా రాయాలి. పోటు సమయంలో పట్టిన నీరు సముద్రానిది, పాటు సమయంలో పట్టింది నదిది. ఈ విషయంలో ఒడియాలో నోలియా అని పిలిచే తెలుగు జాలర్ల లెక్క టైడ్ పట్టిక కన్నా పనికొస్తుంది. పడవ ఎప్పుడు తీయాలో, ఏ మలుపులో బురద కదలకుండా ఉంటుందో వాళ్లకు తెలుసు. వాళ్లతో తెలుగులో మాట్లాడి, బట్టీలో ఒడియాలో మాట్లాడి, రికార్డు ఇంగ్లిష్‌లో రాసే విద్యార్థి ఇక్కడ అరుదైన ఆస్తి.

ఈ పనుల పక్కన పెట్టి చూడాల్సిన మూడోది, కోరాపుట్ వైపు దామంజోడి అల్యూమినా శుద్ధి నుంచి వచ్చే ఎర్ర మట్టి. బాక్సైట్‌ను కాస్టిక్ సోడాతో ఉడికించాక మిగిలే ఈ క్షార బురదను ఆమ్లంతో కడిగి, ఫ్లోరైడో రంగునో పీల్చే చవక పదార్థంగా వాడొచ్చని రాసిన వ్యాసాలు దేశమంతటా కుప్పలు. వంద మిల్లీలీటర్ల ఫ్లాస్కు, ఒక షేకర్, ఒక స్పెక్ట్రోఫోటోమీటర్ చాలు. ఆరు నెలల్లో వ్యాసం తయారు. లీటరుకు 50, 100 మిల్లీగ్రాముల రంగు నీళ్లతో మొదలుపెట్టి 98 శాతం తొలగించామంటారు. బావి నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 2, 3 మిల్లీగ్రాములు ఉన్నప్పుడు, బైకార్బొనేటూ ఫాస్ఫేటూ పోటీకి వచ్చినప్పుడు అది ఎంత పీలుస్తుందో చెప్పరు. పీల్చే వేగాన్ని లెక్కగట్టే సూడో-సెకండ్-ఆర్డర్ గీతకు ఆర్-స్క్వేర్ (అంకెలు గీతకు ఎంత కుదిరాయో చెప్పే కొలత, 1 అయితే పూర్తిగా) 0.999 వచ్చిందని గొప్పగా రాస్తారు. కాలాన్ని రెండు అక్షాల మీదా పెట్టి గీసిన గీత దాదాపు ఏ అంకెలకైనా తిన్నగానే వస్తుంది. శుద్ధి చేసిన నీటిలోకి అల్యూమినియం ఎంత కారిందో కొలిచిన వ్యాసం దొరికితే దాన్ని పక్కన పెట్టుకుని చదవాలి.

మరి ఇవే ఎందుకు ఎక్కువగా వస్తాయి? జవాబు మార్కుల పట్టికలో ఉంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ ప్రొఫెసర్‌గా పదోన్నతి పొందాలంటే ఆ హోదాలో మూడేళ్లు, పది పరిశోధన వ్యాసాలు, పీహెచ్‌డీ పూర్తి చేయించిన దాఖలా, 110 పరిశోధన స్కోరు కావాలి. సైన్స్ వ్యాసానికి 8 మూల మార్కులు, పత్రిక ఇంపాక్ట్ ఫాక్టర్‌ను బట్టి 5 నుంచి 30 దాకా మెట్లు. ఇద్దరు రాస్తే చెరో 70 శాతం. అంతకంటే ఎక్కువ మంది ఉంటే ముఖ్య రచయితకు 70, మిగతా ప్రతి ఒక్కరికీ 30. ఒక విద్యార్థికి పీహెచ్‌డీ పట్టా వస్తే గైడుకు 10. కన్సల్టెన్సీకి 3. బట్టీదారు సీసా పరీక్ష ఈ ఆఖరి మూడు మార్కుల్లోకి వస్తుంది, అదీ విశ్వవిద్యాలయం ఖాతా ద్వారా రుసుము కట్టి అధికారికంగా చేస్తేనే. ఊరికే చేసిపెడితే సున్నా.

పాదరసం పని రెండేళ్లు, ఆరు సీజన్లు చేస్తే వచ్చేది ఒకటో రెండో వ్యాసాలు. అదే కాలంలో ఎర్ర మట్టి మీద నాలుగైదు. ప్రొఫెసర్ నైతికతను తిట్టి ప్రయోజనం లేదు, లెక్క అలా ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు, అసోసియేట్ దగ్గర ఆరుగురు, ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది వరకు పీహెచ్‌డీ విద్యార్థులు ఉండొచ్చు. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) ఉన్నవారికి నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్)లో 42,000. ఫెలోషిప్ లేని విద్యార్థికి వ్యాసం త్వరగా రావాలి, ఉద్యోగం వెతుక్కోవాలి. అతని చేతిలో నాలుగు సీజన్ల మొగలి పెట్టడం అన్యాయమే.

తెలివైన గైడులు దీనికి ఒక మధ్యేమార్గం పాటిస్తారు. ప్రతి విద్యార్థికీ రెండు పనులు. ఒకటి ఏడాదిలో ముగిసేది: పద్ధతి ధ్రువీకరణ, ఉదాహరణకు కైరల్ కాలమ్ మీద టెర్పినెన్-4-ఆల్ నిష్పత్తి ఎంత నమ్మకంగా కొలవగలమన్నది. రెండోది ముందున్న విద్యార్థి నుంచి అందుకుని, వెనక వచ్చేవాడికి అప్పగించే నూనెల వరుస. మొదటిది వ్యాసం ఇస్తుంది. రెండోది ఆ వ్యాసానికి విలువ ఇస్తుంది. వరుస ఆగిపోకుండా ఉండాలంటే సీసాల కథ ఒక్క మనిషి జ్ఞాపకంలో ఉండకూడదు. రిజిస్టరు డిపార్ట్‌మెంట్‌దే అయి ఉండాలి, ప్రొఫెసర్ గదిలోది కాదు.

ఆ సీసాల విషయంలోనే చాలా ల్యాబ్‌లు చిన్నవాటి దగ్గర ఓడిపోతాయి. నూనెను ముదురు గోధుమరంగు గాజు సీసాలో మెడదాకా నింపి, పైన మిగిలిన గాలిని ఆర్గాన్‌తో తరిమి, 4 డిగ్రీల దగ్గర ఉంచాలి. సగం నిండిన సీసాలో గామా టెర్పినీన్ గాలి తగిలి మెల్లగా పారా సైమీన్‌గా మారుతుంది. రెండేళ్ల తర్వాత చూస్తే పువ్వు రకం మారిందేమో అనిపిస్తుంది, మారింది సీసా. మూతలో రబ్బరు లైనింగ్ ఉంటే నూనె దాన్ని కరిగించుకుని థాలేట్ తెచ్చుకుంటుంది, అప్పుడు సొంత నూనే కల్తీగా తేలుతుంది. టెఫ్లాన్ లైనింగ్ మూతలే వాడాలి. లేబుల్ మీద పెన్నుతో రాస్తే ఒక చుక్క హెక్సేన్ పడగానే ఊరి పేరూ తేదీ చెరిగిపోతాయి. పెన్సిల్‌తో రాసి, అదే నంబరు సీసా గాజు మీద డైమండ్ మొనతో గీకాలి.